చెమట తగ్గింది, ఉప్పు తగ్గలేదు

పొయ్యి మీద గంజు ఒకటే, అందులో పప్పూ ఒకటే. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "సప్పగుంది బిడ్డా, జరంత ఉప్పెయ్యి" అంటుంది. పక్కనే కూర్చున్న కొడుకు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చినవాడు, "ఇప్పటికే ఎక్కువైంది కదనే అమ్మా" అంటాడు. పొలం నుంచి వచ్చిన మామ ఏమీ అనడు. గిన్నె అడుగున మిగిలిన మామిడికాయ తొక్కంతా పళ్లెంలో వేసుకుంటాడు. కోడలు ఎవరి మాట వినాలి?

నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఇది దాదాపు రోజూ నడిచే పంచాయితీ. ముగ్గురి నాలుకల మీద పడింది ఒకే ఉప్పు, వచ్చిన తీర్పులు మూడు. చాదస్తం అని కొట్టిపారేయడం సులువే. కానీ ఆ తీర్పుల వెనక శరీరం వేసుకునే లెక్క ఒకటి ఉంది. అది నాలుక దగ్గర మొదలై కిడ్నీల్లోకి, చెమట గ్రంథుల్లోకి, మెదడు అడుగుభాగం దాకా పోతుంది. ఈ మెట్ట నేలల పంటలు, ఎండలు, కూలి బతుకులు కూడా అందులో కలిసి ఉన్నాయి.

## గోడ నాకే మేక, నాకని పులి

ఎండాకాలంలో చౌడు పొంగిన పాత మట్టిగోడల దగ్గర మేకలు నిలబడి నాకుతుంటాయి. గొర్లకాపరులు మందకు అప్పుడప్పుడు ఉప్పు పెడతారు. నల్లమల లాంటి అడవుల్లో ఉప్పుగడ్డలు పెడితే దుప్పులు వెతుక్కుంటూ వస్తాయి. పులి మాత్రం ఉప్పు కోసం రాదు.

ఆ తేడా తిండిలో ఉంది. జంతువు నెత్తురులో, కండలో సోడియం ఉంటుంది కాబట్టి దుప్పిని తిన్న పులికి తనకు కావలసిన ఉప్పు అందులోనే దొరుకుతుంది. మొక్కల సంగతి వేరు. చాలా మొక్కలకు సోడియంతో పెద్దగా పని లేదు, వాటికి కావలసింది పొటాషియం. అందువల్ల ఆకులు, గడ్డి, గింజలు తిని బతికే ప్రాణికి పొటాషియం పుష్కలంగా దొరుకుతుంది, సోడియం మాత్రం కరువు. 1873లో గుస్తావ్ బుంగే అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఈ తేడా చూసే, ఉప్పు మీద మోజు గింజలు తినే జనానికి ఎక్కువని, మాంసం మీద బతికేవాళ్లకు తక్కువని ప్రతిపాదించాడు. తర్వాతి పరిశోధనలు ఆయన చెప్పినదంతా ఒప్పుకోలేదు గానీ, మొక్కల తిండిలో సోడియం తక్కువన్న మూల విషయం నిలిచింది.

ఇప్పుడు మన పళ్లెం చూడండి. 100 గ్రాముల జొన్నల్లో సోడియం పది మిల్లీగ్రాములైనా ఉండదు. పొటాషియం దానికి ముప్పై రెట్ల పైనే. జొన్నరొట్టె పిండిని ఉడుకునీళ్లతో కలుపుతారు, మామూలుగా అందులో ఉప్పు వెయ్యరు. గటకలోనూ ఉప్పు నామమాత్రమే. తరతరాలుగా ఈ ప్రాంతపు కడుపు నింపిన తిండిలో సహజంగా ఉప్పు లేదన్నమాట. అది పక్కన పెట్టుకునే తొక్కులోంచి, ఎల్లిపాయ కారంలోంచి, పచ్చిపులుసులోంచి రావలసిందే.

రావడం కూడా అంత తేలిక కాదు. చినగంజాం, మచిలీపట్నం తీరాల ఉప్పుమళ్లు నల్లగొండకు దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం, పాలమూరుకు ఇంకా ఎక్కువ. రైళ్లు, లారీలు రాకముందు ఆ దూరాన్ని ఎద్దుల వీపుల మీద దాటించింది లంబాడీలు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం తిరిగిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులతో నడిచే వాళ్ల బిడారులను చూసి రాశాడు. ఒక తెగ ధాన్యం మోస్తే ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, నాలుగోది ఉప్పు మోసేదని చెప్పాడు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల వాళ్ల ముత్తాతలు అలాంటి బిడారుల్లో నడిచినవాళ్లే. ఈ ఎత్తుగడ్డ మీద మనుషులు ఇన్ని వందల ఏళ్లు ఉప్పు తినగలిగారంటే అందులో వాళ్ల కష్టం ఎంతో ఉంది. మన చరిత్ర పుస్తకాలు ఆ సంగతికి ఇచ్చిన చోటు చాలా తక్కువ.

## నాలుక చెప్పే రెండు మాటలు

దొడ్డుప్పు రాయి ఒకటి నాలుక మీద పెట్టుకుంటే ముందు ఏమీ తెలియదు. లాలాజలంలో కరగాలి, సోడియం విడిపోవాలి. అప్పుడు అది నాలుక మీది రుచిమొగ్గల్లోకి చేరుతుంది. ఒక్కో మొగ్గలో యాభై నుంచి వంద దాకా కణాలు ఉంటాయి. వాటిలో కొన్నింటి పైపొర మీద సోడియం మాత్రమే పట్టే సన్నటి ద్వారాలు ఉన్నాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. సోడియం అందులోంచి లోపలికి దిగగానే కణంలో విద్యుత్తు మారుతుంది, నరం మోగుతుంది, మెదడుకు "బాగుంది, ఇంకొంచెం" అన్న కబురు పోతుంది.

అదే ఉప్పు ఎక్కువైతే ముఖం ఎందుకు చిట్లిస్తాం? ఈ చిక్కు 2013లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకుల వల్ల కొంత విడిపోయింది. ఉప్పు మోతాదు దాటినప్పుడు ఎలుకల నాలుక మీద చేదును పట్టే కణాలు, పులుపును పట్టే కణాలు కూడా కదులుతున్నాయని వాళ్లు చూపించారు. మామూలుగా ఆ రెండూ ప్రమాదాన్ని చెప్పే కణాలు. కాబట్టి ఉప్పు విషయంలో నాలుక ఒక మాట కాదు, రెండు చెబుతుంది. తక్కువ ఉన్నప్పుడు రమ్మంటుంది, ఎక్కువైతే పొమ్మంటుంది. తీపికి ఇలాంటి అడ్డుకట్ట లేదు.

ఉప్పు ఇంకో పని కూడా చేస్తుంది, చేదును అణుస్తుంది. 1997లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రానికి చెందిన బ్రెస్లిన్, బోషాంప్ ఈ సంగతిని ప్రయోగంతో చూపించారు. చేదూ తీపీ కలిపిన ద్రావణంలో ఉప్పు చేర్చితే చేదు తగ్గి, అణగి ఉన్న తీపి పైకి తేలింది. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పిండే అమ్మమ్మలకు ఇది చేతిలో ఉన్న విద్యే. చేదు నీరు దిగిపోవడం అందులో ఒక భాగం, మిగిలిన ఉప్పు నాలుక మీద చేదును నొక్కిపెట్టడం మరో భాగం. కూరలో ఉప్పు పడ్డాక ఉప్పదనం కన్నా ముందు కూర రుచే తేలుతుంది. ఉప్పు లేని కూర సప్పగా అనిపించడానికి కారణం అదే.

## రోజుకు కిలోన్నర వడపోత

ఒంట్లో సోడియం చేసే పనులు చాలా. నరం మోగాలన్నా, కండ ముడుచుకోవాలన్నా, నెత్తురులో నీరు నిలవాలన్నా అది కావాలి. నెత్తురులో దాని పాళ్లు కొద్దిగా తప్పినా మనిషికి తల తిరుగుతుంది, బాగా తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పాళ్లను కాపాడేది కిడ్నీలు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని అవి వడగడతాయి. అందులో ఉండే ఉప్పు లెక్క కడితే సుమారు కిలోన్నర. దాదాపు అంతటినీ మళ్లీ నెత్తురులోకి లాగేసుకుని, మిగులు కొద్ది గ్రాములను మాత్రం బయటికి పంపుతాయి.

ఎంత లాగాలి, ఎంత వదలాలి అన్న ఆజ్ఞ ఎక్కడిది? ఒంట్లో ఉప్పు, నీరు తగ్గి నెత్తురు పరిమాణం పడిపోతే కిడ్నీ ముందుగా పసిగడుతుంది. అది వదిలిన రసాయనం వరుసగా కొన్ని మార్పులు తెచ్చి చివరికి కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులను లేపుతుంది. అవి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ వదులుతాయి. శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకున్నది 1953లో. దాని మాట విని కిడ్నీ సోడియాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చెమట గ్రంథులు, లాలాజల గ్రంథులు, పెద్దపేగు కూడా అదే మాట వింటాయి. అదే హార్మోన్ ఎలుకల్లో మెదడు కాండంలోని కొన్ని నరకణాలనూ తాకుతుంది. ఆ కణాలు కదిలితే ఎలుక ఉప్పు వెతకడం మొదలుపెడుతుంది. అంటే ఉప్పు దాచుకోవడానికీ, ఉప్పు కోసం తిరగడానికీ ఆజ్ఞ ఒకే చోటి నుంచి వస్తోంది.

> సెలైన్ సీసాలో ఏముంది?
> ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్ అంటే నూటికి 0.9 పాళ్ల ఉప్పునీళ్లు. అర లీటరు సీసాలో ఉప్పు నాలుగున్నర గ్రాములు, ఇంచుమించు ఒక టీస్పూను. నెత్తురు గాఢతకు సరిపోయేలా కట్టిన లెక్క అది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాదాపు ఒక్క సీసాలో ఉన్నంతే.

## ఎండలో మనిషికి ఎంత పోతుంది

పాలమూరు లేబర్ పేరు దేశమంతా తెలుసు. గుంపుమేస్త్రి చెయ్యి పట్టుకుని ఊళ్లు దాటిపోయి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినవాళ్లు. నల్లగొండ జిల్లా అంచున కృష్ణ మీద లేచిన నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అంత పెద్ద రాతి ఆనకట్ట మనుషుల తలల మీద, భుజాల మీద లేచింది. ఆ ఎండలో ఆ పని చేసిన ఒంటికి ఉప్పు ఎంత కావాలి?

చెమటలో లీటరుకు ఒక గ్రాము నుంచి మూడున్నర గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. ఎండలో రోజంతా బరువు పని చేసే మనిషికి అయిదారు లీటర్ల చెమట పోవడం విడ్డూరం కాదు. కొత్తగా పనికి వచ్చినవాడికి లీటరుకు మూడు గ్రాముల లెక్కన పదిహేను, పద్దెనిమిది గ్రాముల ఉప్పు పోవచ్చు. కానీ పది, పదిహేను రోజుల్లో ఒళ్లు ఎండకు అలవాటు పడుతుంది. ఆల్డోస్టిరాన్ ఆజ్ఞతో చెమట గ్రంథుల నాళాలు సోడియాన్ని దారిలోనే వెనక్కి లాక్కుంటాయి. చెమట ఎక్కువే పోస్తుంది గానీ పలచబడుతుంది, లీటరుకు గ్రాముకు దగ్గరగా వస్తుంది. అయినా రోజుకు ఆరేడు గ్రాములు పోయినట్టే.

మధ్యాహ్నం గంప దించి, టిఫిన్ గిన్నె విప్పి, జొన్నరొట్టెలో ఎర్రటి తొక్కు దట్టంగా పెట్టుకుని, పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుని, మీద చెంబెడు సల్ల తాగే మనిషి ఆ లోటును తీర్చుకుంటున్నాడు. ఆ ఒంటికి అది తగిన తిండే. కష్టం చేశాక ఉప్పు ఎక్కువ కావాలనిపించడం పరిశోధనలోనూ కనిపించింది. 1999లో ఇజ్రాయెల్‌లో మీకా లెషెం బృందం వ్యాయామం చేసిన విద్యార్థులు తమ సూప్‌లో మామూలు కంటే ఎక్కువ ఉప్పు వేసుకున్నారని గమనించింది. పొలం నుంచి వచ్చిన మామ చెయ్యి తొక్కు గిన్నెలోకి పోవడం వెనక ఇదే ఉంది.

తొక్కు గురించి ఇంకో మాట చెప్పాలి. వానమీద ఆధారపడ్డ మెట్టలో పచ్చికూరలు ఏడాదంతా దొరకవు. మామిడికాయ, చింతకాయ, పచ్చిమిరపకాయ దొరికిన కాలంలో రోట్లో దంచి నిలవ పెట్టుకుంటేనే మిగతా నెలలకు కూర ఉన్నట్టు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నీళ్లు కావాలి. ఉప్పు ఆ నీళ్లను పట్టేసుకుని వాటికి అందకుండా చేస్తుంది. అందుకోసం నూటికి పది పాళ్లకు తగ్గకుండా ఉప్పు పడటం మామూలు. ఆ లెక్కన ఒక పెద్ద చెంచాడు, అంటే ఇరవై గ్రాముల తొక్కు తింటే రెండు గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. కుండలో తొక్కు చెడకుండా ఉండటానికి పెట్టిన ఉప్పు, ఒంటికి కావలసిన ఉప్పు ఎండలో పనిచేసినంత కాలం ఇంచుమించు సరిపోలాయి.

## లోటు ఉంటే నాలుకకు తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ మనం అనుకున్నంత నమ్మకంగా కాదు.

ఎలుకకు మాత్రం బాగా తెలుస్తుంది. 1936లో అమెరికాలో కర్ట్ రిక్టర్ ఎలుకల అడ్రినల్ గ్రంథులు తీసేశాడు. ఆల్డోస్టిరాన్ లేక సోడియం మూత్రంలో పోతుంటే మామూలుగా అవి చచ్చిపోవాలి. పక్కన ఉప్పునీళ్లు పెడితే వాటిని విపరీతంగా తాగి బతికాయి. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో రాబిన్సన్, బెరిడ్జ్ ఇంకా ఆశ్చర్యపడే ప్రయోగం చేశారు. మృతసముద్రమంత ఉప్పగా ఉన్న నీళ్లు నోట్లో పోసే మీట నుంచి ఎలుకలు దూరంగా పారిపోయేవి. ఒంట్లో సోడియం తగ్గించగానే, ఆ నీళ్లు మళ్లీ రుచి చూడకముందే, నేరుగా అదే మీట దగ్గరికి ఉరికాయి.

మనుషుల్లో గుండె కలుక్కుమనే ఉదాహరణ ఒకటి ఉంది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి మూడున్నరేళ్ల బాబును తెచ్చారు. వాడు ఉప్పు గుప్పిళ్లతో తినేవాడు, బిస్కట్ల మీది ఉప్పు నాకేవాడు. మొదట నేర్చిన కొన్ని మాటల్లో ఉప్పు ఒకటి. ఆసుపత్రిలో అందరికీ పెట్టే మామూలు తిండి పెట్టారు. ఏడు రోజుల్లో వాడు చనిపోయాడు. అడ్రినల్ గ్రంథుల జబ్బు వల్ల ఒంట్లో ఉప్పు నిలవడం లేదని తర్వాతే తెలిసింది. ఇన్నాళ్లూ వాణ్ని బతికించింది వాడి ఉప్పు మోజే. విల్కిన్స్, రిక్టర్ కలిసి 1940లో ఈ సంగతి రాశారు. ఎవరికైనా ఉన్నట్టుండి ఉప్పు కోసం విపరీతమైన తహతహ పుట్టి, దానితోపాటు నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చర్మం నల్లబారడం ఉంటే ఇంటి చిట్కాలతో ఆగకుండా డాక్టరుకు చూపించాలని చెప్పేది ఇందుకే.

మామూలు మనుషుల సంగతి వేరుగా ఉంది. 1936లో ఇంగ్లండులో మెక్‌కాన్స్ అనే డాక్టరు తనతోపాటు కొందరు వాలంటీర్లకు ఉప్పు లేని తిండి పెట్టి, చెమట పట్టించి, ఒంట్లో సోడియం తగ్గించాడు. వాళ్లకు నీరసం వచ్చింది, కండరాలు పట్టేశాయి, తిండి రుచే తెలియకుండా పోయింది. కానీ ఎలుకల్లో కనిపించినంత స్పష్టమైన ఉప్పు వేట వాళ్లలో లేదు. దీన్ని రెండు వైపులా గుర్తుపెట్టుకోవాలి. ఎండలో పడిపోబోతున్న కూలీకి ఉప్పు తినాలని అనిపించకపోవచ్చు, కాబట్టి కోరిక కోసం ఎదురుచూడకుండా ఓఆర్‌ఎస్ నీళ్లు ఇవ్వాలి. సాయంత్రం టీవీ ముందు కూర్చుని కారప్పూస ప్యాకెట్ కోసం చెయ్యి చాపే మనిషికి సోడియం లోటు ఉందనీ అనుకోనక్కర్లేదు. ఆ కోరిక వేరే దారిలో వస్తుంది.

## నాలుక పాసంగం

అంగట్లో తక్కెడ పట్టుకునే షావుకారు ముందు పాసంగం చూస్తాడు. ఖాళీ తక్కెడే ఒక పక్కకు ఒరిగి ఉంటే తర్వాత తూచినదంతా ఆ తేడాతోనే వస్తుంది. నాలుకకు కూడా ఇలాంటి పాసంగం ఒకటి ఉంది. మన లాలాజలంలో ఎప్పుడూ కొంత ఉప్పు ఉంటుంది, అయినా నోరు ఉప్పగా అనిపించదు. నాలుక దానికి అలవాటు పడి, అక్కడి నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఏళ్ల తరబడి తినే తిండి కూడా నాలుక ఇష్టాన్ని అలాగే ఒక పక్కకు ఒరగబెడుతుంది.

అది మళ్లీ సరి అవుతుందా? 1982లో మోనెల్ కేంద్రం పరిశోధకులు బెర్టినో, బోషాంప్, వాళ్లతోపాటు ఎంగెల్మన్ కొందరిని అయిదు నెలలు ఉప్పు బాగా తగ్గించిన తిండి మీద ఉంచారు. మొదట్లో వాళ్లకు సప్పగానే ఉంది. రెండు, మూడు నెలలు గడిచేసరికి మునుపు ఇష్టపడ్డ సూప్ ఉప్పగా అనిపించింది, తక్కువ ఉప్పున్నదే బాగుందన్నారు. నాకు ఈ పాత ప్రయోగం చాలా విలువైనదిగా అనిపిస్తుంది. "నా నోటికి అంతే, పుట్టుకతో వచ్చింది" అనే మాటకు ఇది నేరుగా జవాబు.

పుట్టుకకు అసలు వాటా లేదా అంటే, ఉంది, కానీ అనుకున్నదానికంటే తక్కువ. 2007లో కవలల మీద జరిగిన ఒక అధ్యయనంలో పులుపును గుర్తుపట్టే శక్తిలో సగానికి పైగా తేడా వారసత్వం నుంచే వచ్చినట్టు తేలింది. ఉప్పు విషయంలో వారసత్వం జాడ స్పష్టంగా దొరకలేదు, ఇంట్లో పెరిగిన తీరు లెక్కకు వచ్చింది. చేదును గట్టిగా పట్టే నాలుకలు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి. వాళ్లు ఆ చేదును అణచడానికి కూరల్లో ఉప్పు ఎక్కువ కోరుకోవచ్చని కొన్ని అధ్యయనాలు చూపించాయి.

పసివాళ్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పుట్టినప్పుడు ఉప్పు మీద ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఇష్టం మొదలవుతుంది. ఆ వయసుకే ఉప్పు పడ్డ తిండి రుచి మరిగిన పిల్లలు పెద్దయ్యే కొద్దీ ఉప్పును ఎక్కువగా ఇష్టపడినట్టు కనిపించింది. తల్లికి కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్లు తీవ్రంగా ఉంటే, వాంతులతో ఉప్పూ నీరూ పోయిన ఆ తల్లుల పిల్లలు ఉప్పును ఎక్కువగా ఇష్టపడుతున్నారని 1990లలో క్రిస్టల్, బెర్న్‌స్టీన్ చూపించారు. తల్లి కడుపులోనే కరువు చూసిన ఒళ్లు జీవితాంతం ముందుజాగ్రత్త పడుతుందేమో.

వయసు మళ్లిన అత్తమ్మకు సప్పగా అనిపించడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ముసలితనంలో రుచి, వాసన పట్టే శక్తి సన్నగిల్లుతుంది, కొన్ని మందులు నోటి రుచిని చెడగొడతాయి. ఇంట్లో ఉప్పు కొలిచేది అదే నాలుక అయితే కుటుంబం మొత్తం ఆ లెక్కలోకి పోతుంది.

> నీళ్లలోని ఉప్పు
> ఈ జిల్లాల్లో మంచినీళ్లు, ఉప్పునీళ్లు అని బోర్లను విడదీసి చెప్పడం అలవాటు. ఉప్పునీళ్లలో సోడియం ఒక్కటే ఉండదు. సున్నం, మెగ్నీషియం లాంటి ఇతర లవణాలూ కలిసి ఆ రుచి వస్తుంది. సోడియం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే నీళ్ల రుచి తేడా తెలుస్తుందంటారు. ఎండాకాలంలో అలాంటి నీళ్లు నాలుగు లీటర్లు తాగితే రెండు గ్రాముల ఉప్పు కూరతో పనిలేకుండానే ఒంట్లోకి పోయినట్టు.

## కారం, పులుపు ఏం చేస్తాయి

కొద్దిపాటి పులుపు ఉప్పదనాన్ని పెంచి చూపిస్తుంది. చింతపండు, నిమ్మరసం సరిగ్గా పడితే ఉప్పు కొంత తగ్గినా తేడా తెలియదు. పులుపు మరీ ఎక్కువైతే ఆ సాయం ఉండదు. కారం గురించి 2017లో చైనాలో 606 మంది మీద చేసిన అధ్యయనంలో కారం ఇష్టపడేవాళ్లు రోజుకు రెండు, మూడు గ్రాముల ఉప్పు తక్కువ తింటున్నట్టు కనిపించింది. దీన్ని చూసి మనం ధీమా పడటానికి లేదు. మన ఇళ్లలో కారం ఒంటరిగా రాదు. ఉప్పూ కారం కలిపి దంచితేనే అది తొక్కు, ఎండాకాలం పచ్చి మామిడిముక్కకు అద్దుకునేది కూడా రెండూ కలిపినదే.

## కూలి మారింది, పళ్లెం మారలేదు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఆరు లీటర్ల చెమట పోసే ఒంటికి అమరిన పళ్లెం, ఇప్పుడు రోజంతా ఫ్యాన్ కింద, ఏసీలో కూర్చునే ఒంటి ముందుకు వస్తోంది. తట్ట మోసినవాళ్ల పిల్లలు షోరూముల్లో, ఆఫీసుల్లో, క్యాబ్ సీట్లలో కూర్చున్నారు. రావలసిన మార్పే అది, సంతోషించాల్సిందే. కానీ తొక్కు అలాగే ఉంది, పైగా చిప్స్, నూడుల్స్, బిర్యానీ వచ్చి చేరాయి. 2017-18లో జరిగిన జాతీయ సర్వేలో మన దేశంలో పెద్దవాళ్లు సగటున రోజుకు 8 గ్రాముల ఉప్పు తింటున్నారని తేలింది. మగవాళ్లలో 8.9, ఆడవాళ్లలో 7.1.

ఉప్పు తక్కువైతే మనిషి బతకడేమో అనుకునేవాళ్లకు యానోమామి జనం ఉదాహరణ. అమెజాన్ అడవుల్లో, వేడిలో, బయటి ఉప్పు లేకుండా బతికేవాళ్లు. 1988లో అచ్చయిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లో పదివేల మందిని పరీక్షించింది. అందులో యానోమామి మూత్రంలో సోడియం దాదాపు శూన్యం, వాళ్ల బీపీ సగటున 95/61 దగ్గర ఉంది, వయసుతో పెరగలేదు కూడా. కిడ్నీ ఎంత గట్టిగా ఉప్పును పట్టుకోగలదో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఎక్కువైన ఉప్పు మాత్రం నీళ్లను పట్టి ఉంచుతుంది, నెత్తురు పరిమాణాన్ని, రక్తనాళాల మీద ఒత్తిడిని పెంచుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే గుండెకు, మెదడుకు, కిడ్నీకి చేటు. అందరి ఒళ్లూ ఒకేలా స్పందించవు. కానీ తన ఒళ్లు ఎలాంటిదో పరీక్ష లేకుండా ఎవరికీ తెలియదు.

నల్లగొండకు ఇంకో ప్రత్యేకమైన కారణం ఉంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఎలా వంచాయో అందరికీ తెలుసు. 1970లలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులను ఈ జిల్లాలో చూసి రాశారు. మిషన్ భగీరథ మంచినీటి పథకంతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాక పరిస్థితి చాలా మారింది. అయినా పాత గాయం ఉన్న ఎముకలకు కాల్షియం అవసరం ఎక్కువ. సోడియం ఎక్కువ తింటే కిడ్నీ దానితోపాటు కాల్షియాన్నీ మూత్రంలో వదిలేస్తుంది. ఆరు గ్రాముల ఉప్పు అదనంగా తింటే సుమారు 40 మిల్లీగ్రాముల కాల్షియం పోతుంది. పానీపూరీలో, చాట్‌లో, జీర్ణం కోసం తినే చూర్ణాల్లో కలిసే నల్లుప్పులో ఫ్లోరైడ్ ఉంటుందని ఫ్లోరోసిస్ మీద పనిచేసే వైద్యులు హెచ్చరిస్తుంటారు. ఆ పల్లెల్లో పిల్లలకు దాన్ని అలవాటు చెయ్యకపోవడం మంచిది.

## చెంచా మన చేతిలోనే ఉంది

పాశ్చాత్య దేశాల్లో ఉప్పు చాలామటుకు బ్రెడ్డులో, ఫ్యాక్టరీ తిండిలో కలిసి వస్తుంది. అక్కడ కంపెనీలు మారాలి. మన ఇళ్లలో ఎక్కువ భాగం పొయ్యి దగ్గరే పడుతుంది. ఒకేసారి సగానికి తగ్గిస్తే ఇంట్లో గొడవ ఖాయం, కాబట్టి నెలకు కొంచెం చొప్పున మూడు నెలల్లో తగ్గించాలి. నాలుక పాసంగం ఆ వేగంతోనే కదులుతుంది. కూర ఉడికేటప్పుడు సగం ఉప్పు వేసి, మిగతాది దించాక పైన వేస్తే నాలుకకు నేరుగా తగులుతుంది, తక్కువతో సరిపోతుంది. తొక్కు ఉండొచ్చు, చెంచా చిన్నదైతే చాలు.

ఎండలో పనిచేసేవాళ్లకు ఈ సలహా ఇలాగే అప్పజెప్పకూడదు. ఉపాధిహామీ పనికి, ఇటుకబట్టీకి, భవనాల పనికి పోయేవాళ్లకు మే నెలలో ఉప్పు తగ్గించమనడం అన్యాయం. వాళ్లకు ఉప్పేసిన సల్ల, ఓఆర్‌ఎస్, నీడ, మధ్యాహ్నం విరామం కావాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ఉప్పుతోపాటు గ్లూకోజు ఉండటానికి కారణం ఉంది. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. అందుకే లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు అని లెక్క కట్టారు. చిటికెలతో సొంతంగా కలిపేకంటే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లు కొలిచి పొయ్యడం మేలు.

రుచి పోకుండా సోడియం తగ్గించే దారి ఇంకొకటి ఉంది. ఉప్పులో కొంత సోడియం క్లోరైడ్ తీసి పొటాషియం క్లోరైడ్ కలపడం. 2021లో అచ్చయిన ఒక అధ్యయనంలో చైనాలోని 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మంది మీద నూటికి ఇరవై అయిదు పాళ్ల పొటాషియం ఉప్పును పరీక్షిస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది. మన తెలంగాణలోనే సిద్దిపేట వైపు ఏడు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందికి మూడు నెలలు ఇలాంటి ఉప్పు, మామూలు ఉప్పు ఏది ఎవరిదో చెప్పకుండా ఇచ్చి చూశారు. పొటాషియం ఉప్పు తిన్నవాళ్ల పై బీపీ సగటున 4.6 పాయింట్లు తగ్గింది. ఈ ఉప్పు దొడ్డుప్పు కంటే ఖరీదు. రేషన్ దుకాణం దాకా తక్కువ ధరకు వస్తేనే పల్లెకు ఉపయోగం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్లకు అది ప్రమాదం. ఆ మాత్రల్లో కొన్ని మన జిల్లాల్లో బీపీకి రోజూ రాసేవే. ప్యాకెట్ కొనే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, వాడే మందుల చీటీ డాక్టరుకు చూపించాలి.